బండి బాగోగులు: గ్యాస్ అయిపోయిందంటే ఎన్ని గ్రాములో అడగండి

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో సగానికి పైగా ఒకే బాధ చెబుతున్నాయి. చిన్న పనికి ఇచ్చిన బండి పెద్ద బిల్లుతో తిరిగివచ్చిందని, ఆ పనులన్నీ నిజంగా అవసరమేనా అన్న అనుమానం తీరడం లేదని పాఠకులు రాస్తున్నారు. పారిశ్రామిక శిక్షణ సంస్థలో చాలా ఏళ్లు మోటారు మెకానిక్ తరగతికి పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ విషయం నాకు పరాయిది కాదు. నా దగ్గర చదువుకున్నవారిలో చాలామంది నిజాయతీ గల పనివాళ్లుగా పేరు తెచ్చుకున్నారు, ఒకరిద్దరి మీద ఇటువంటి ఫిర్యాదులు విని తలదించుకున్న రోజులూ ఉన్నాయి. అందుకే ఈ సంచికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లూ షెడ్ల పేర్లూ తీసివేశాను.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా కారు కొని ఆరేళ్లయింది. మూడేళ్లుగా ప్రతి మార్చిలో ఏసీ చల్లదనం తగ్గుతోంది, ప్రతిసారీ గ్యాస్ అయిపోయిందని చెప్పి రెండు వేల దాకా తీసుకుని నింపుతున్నారు. ఈ ఏడాది కంప్రెసర్ పోయిందని, మార్చడానికి 28,000 రూపాయలవుతుందని అంటున్నారు. ఇంత ఖర్చు తప్పదా? – ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: అమ్మా, ఏసీ గ్యాస్ పెట్రోలు వంటిది కాదు, వాడకంతో ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, వాటిని కలిపే గొట్టాలు అన్నీ కలిసి మూసి ఉన్న ఒక దారి, ఆ దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. గొట్టాల రబ్బరు గుండా, జాయింట్ల దగ్గరి వాషర్ల గుండా ఏళ్లు గడిచేకొద్దీ కొంత తగ్గడం సహజమే గాని, ఏటా వేసవికి నింపవలసి వస్తోందంటే ఎక్కడో లీకైనా ఉండాలి, లేదా గ్యాస్ తగ్గకుండానే తగ్గిందని చెప్పి అయినా ఉండాలి. ఈ రెండింటిలో ఏదో తేల్చకుండా మూడేళ్లు నింపుతూ పోవడమే ఇందులో అసలు తప్పు అని నేను అనుకుంటున్నాను.

తేల్చడం కష్టమైన పని కాదు. చాలా కార్లలో బానెట్ ఎత్తితే ఆ కారుకు ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలో తెలిపే చిన్న స్టిక్కరు కనిపిస్తుంది. యంత్రంతో పని చేసే చోట ముందుగా పాత గ్యాస్‌ను బయటికి తీస్తారు, ఎంత వచ్చిందో యంత్రం గ్రాములలో చూపుతుంది, తరువాత వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగివేసి, స్టిక్కరు మీద ఉన్న తూకం ప్రకారం నింపుతారు. స్టిక్కరు మీద 450 అని ఉండి మీ కారులోంచి 430 గ్రాములు వచ్చాయనుకోండి, చల్లదనం తగ్గడానికి గ్యాస్ కారణం కాదని తేలిపోయినట్టే. అప్పుడు చూడవలసినవి వేరే ఉన్నాయి. గ్లవ్ బాక్స్ వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. చాలా కార్లలో దాని ఖరీదు కొన్ని వందలే, పనిముట్లు లేకుండా చేత్తోనే తీసి చూసుకోవచ్చు. రేడియేటర్ ముందుండే కండెన్సర్ రేకుల మధ్య మట్టి, పురుగులు నిండి ఉండవచ్చు, దానికి గాలి కొట్టే ఫ్యాను తిరగకపోవచ్చు. అలా కాక బయటికి వచ్చింది 200 గ్రాములే అయితే లీకు ఉన్నట్టే లెక్క. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి గేజి ముల్లు దిగుతోందో లేదో చూసి, జాయింట్ల మీద సబ్బు నురగ రాసి, లేదా గ్యాస్‌లో రంగు కలిపి అతినీలలోహిత దీపం వేసి ఆ లీకు చోటును పట్టుకోవచ్చు.

ఇక కంప్రెసర్ సంగతి. గ్యాస్ బాగా తగ్గిపోయినప్పుడు కంప్రెసర్ పాడవకుండా ప్రెషర్ స్విచ్ దానిని ఆపివేస్తుంది. అందువల్ల కంప్రెసర్ తిరగడం లేదన్న మాటకూ, కంప్రెసర్ పోయిందన్న మాటకూ చాలా దూరం ఉంది. ఫ్యూజు, రిలే, స్విచ్, గ్యాస్ పరిమాణం, ఈ నాలుగూ చూశాకే ఆ రెండో మాట అనాలి. నిజంగా పాడైన కంప్రెసర్‌లో లోపలినుంచి గరగరమనే శబ్దం రావచ్చు, విప్పినప్పుడు నూనెలో లోహపు పొడి కనిపించవచ్చు. అయితే మీ షెడ్డువారు అబద్ధమే చెప్పారని ఇక్కడ కూర్చుని నేను అనలేను. లీకు గుండా గ్యాస్‌తో పాటు కంప్రెసర్‌ను తడిపే నూనె కూడా కొంత పోతుంది, లీకు మూయకుండా గ్యాస్ మాత్రం నింపుకుంటూ పోతే నూనె చాలక కంప్రెసర్ నిజంగానే అరిగిపోవచ్చు. అదే జరిగి ఉంటే ఈ 28,000 రూపాయలకు దారి వేసింది మూడేళ్ల ఆ నింపుళ్లే. ఏసీ పని మాత్రమే చేసే మరొక షెడ్డుకు తీసుకెళ్లి, పరీక్షకు విడిగా డబ్బు ఇస్తామని ముందే చెప్పి, ఎన్ని గ్రాములు వచ్చిందో, లీకు ఎక్కడ ఉందో కాగితం మీద రాయించుకున్న తరువాతే నిర్ణయం తీసుకోండి.

ప్రశ్న: రెండేళ్ల నాటి పెట్రోలు కారు, 18,000 కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో రెండో ఏడాది సర్వీసుకు ఇస్తే ఆయిలు, ఫిల్టర్లు గాక ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ క్లీనింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్ అంటూ 14,600 రూపాయల అంచనా ఇచ్చారు. ముందు బ్రేక్ ప్యాడ్లు కూడా మార్చాలన్నారు. వద్దంటే వారంటీ పోతుందని సర్వీస్ అడ్వైజర్ భయపెట్టాడు. – బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు ఏ పని చేయాలో తెలిపే పట్టిక ఉంటుంది. కారును తయారుచేసినవారే రాసిన పట్టిక అది. మీ కారుకు ఈ దశలో ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్చాలని, బ్రేకులు, టైర్లు, బెల్టులు పరీక్షించాలని ఉంటుంది, రెండేళ్లు నిండింది కనుక బ్రేక్ ఆయిలు మార్చాలని కూడా ఉండవచ్చు. ఆ పట్టికను ఫోనులో ఫోటో తీసుకుని కౌంటరు దగ్గర తెరిచి, అంచనాలోని ఒక్కొక్క పనీ దానిలో ఎక్కడుందో చూపమని మర్యాదగా అడగండి. చూపలేని పనిని, మీ కారులో కనిపిస్తున్న లోపమేదీ కారణంగా చెప్పలేని పనిని, జాబ్ కార్డు (చేయబోయే పనులు రాసే కాగితం) మీద కొట్టివేయించి సంతకం చేయండి. ఎప్పటి పనులు అప్పుడు చేయించి బిల్లులు దాచుకున్నంత వరకు, పట్టికలో లేని ఫ్లష్ వద్దన్నందుకు వారంటీ పోదు. అడ్వైజర్ అదే మాట మీద నిలబడితే, ఏ నిబంధన కింద పోతుందో రాసి ఇమ్మని అడగండి. మాట కాగితం మీదికి రావాలన్నప్పుడు ఇటువంటి బెదిరింపులలో చాలావరకు ఆగిపోవడం నేను చూశాను.

బ్రేక్ ప్యాడ్ల విషయంలో మీరు అడగవలసింది ఒక్క అంకె, అది మిల్లీమీటర్లలో ఉండాలి. కొత్త ప్యాడు మీద ఒరుసుకునే పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అది 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చినప్పుడు మార్చడం మామూలు పద్ధతి. 18,000 కిలోమీటర్లకే అంతగా అరగడం ఘాట్ రోడ్ల మీద, నగరపు రద్దీలో సాధ్యమే, మామూలు వాడకంలో మాత్రం అరుదు. చక్రం విప్పించి కొలత మీ కళ్లముందు తీయమనండి. కొలత 3 అని వస్తే మాత్రం వెంటనే మార్పించండి. అనుమానంతో బ్రేకుల దగ్గర డబ్బు ఆదా చేసుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. టైర్లకూ ఇదే పద్ధతి: కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగిందో లేదో తెలిపే చిన్న గట్లు గాడిలోనే ఉంటాయి, వాటిని వేలితో తడిమి చూడవచ్చు. టైర్లలో నైట్రోజన్ నింపిస్తామంటే, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉందని గుర్తుంచుకుని, మామూలు గాలినే నెలకోసారి సరిగ్గా పట్టించండి.

వారంటీ పేరు చెప్పి బయటి మెకానిక్‌ల దగ్గరికి వెళ్లకుండా కట్టడి చేయడం గురించి మన దేశంలో పెద్ద తీర్పే వచ్చింది. 2014 ఆగస్టులో, వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధిస్తూ, విడిభాగాలు బయటి మార్కెట్లో దొరకనివ్వాలని, బయట పని చేయించారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీ రద్దు చేసే షరతు పెట్టరాదని ఆదేశించింది. కంపెనీలు దాని మీద అప్పీళ్లకు వెళ్లాయి. నా సలహా మాత్రం ఇది: వారంటీ ఉన్నన్నాళ్లు పట్టికలోని సర్వీసులు కంపెనీ కేంద్రంలోనే చేయించండి, పట్టికలో లేనివి ఎక్కడా చేయించకండి.

ప్రశ్న: అమెరికాలో కాలిఫోర్నియాలో ఉంటున్నాం. ఇక్కడ పెద్ద సంస్థల వర్క్‌షాపులలో ఇటువంటి మోసాలు ఉండవని మా మిత్రులంటారు. ఆయిలు మార్చడానికి వెళ్తే ఐదారు పనులు చెప్పారు. నమ్మవచ్చా? – సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఫ్రీమాంట్

జవాబు: సంస్థ పెద్దదైనంత మాత్రాన మోసం ఉండదన్న నమ్మకానికి మీ రాష్ట్రంలోనే గట్టి దెబ్బ తగిలింది. 1992లో అమెరికాలోని పెద్ద దుకాణాల సంస్థ సియర్స్‌కు చెందిన ఆటో సెంటర్లకు కాలిఫోర్నియా ప్రభుత్వ తనిఖీ విభాగం మామూలు కస్టమర్ల వేషంలో తన మనుషులను కార్లతో పంపింది. అవసరం లేని పనులు అంటగడుతున్నారని తేల్చి ఆరోపణలు బహిరంగపరిచింది. అక్కడి ఉద్యోగులకు అమ్మకాల మీద కమిషన్లు, ఫలానా పనులు ఇన్ని అమ్మాలన్న లక్ష్యాలు ఉండేవి. గొడవ బయటపడిన తరువాత సంస్థ ఆ పద్ధతిని ఉపసంహరించుకుంది, కస్టమర్లకు పరిహారపు కూపన్లు ఇచ్చింది. మనిషి స్వభావం కన్నా జీతం కట్టిన తీరు ఎంత బలమైనదో ఈ ఉదంతం చూపుతుంది. ఇక్కడ రాజమహేంద్రవరం పాఠకుణ్ణి భయపెట్టిన అడ్వైజర్ నెత్తి మీద కూడా నెలవారీ లక్ష్యం ఉండి ఉండవచ్చు.

అయితే మీకు అక్కడ మంచి చట్టం ఉంది. 1971 నాటి చట్టంతో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ అనే ప్రభుత్వ విభాగం కింద ప్రతి షెడ్డూ నమోదై ఉండాలి, పని మొదలుపెట్టక ముందు రాతపూర్వకమైన అంచనా ఇవ్వాలి, మీ అనుమతి లేనిదే ఆ అంచనాను మించరాదు. కారు అప్పగించేటప్పుడే పాత భాగాలు తిరిగి కావాలని అడిగితే, వారంటీ కింద లేదా మారకం కింద కంపెనీకి పంపవలసినవి తప్ప మిగిలినవి సాధారణంగా ఇవ్వాలి. ఆ ఒక్క మాట మొదట్లోనే చెప్పండి.

ప్రశ్న: హైవే మీద ట్యూబ్‌లెస్ టైరు గాలి తగ్గితే పంచరు షాపులో నాలుగు పంచర్లు ఉన్నాయన్నారు. నిజమై ఉంటుందా? – రైతు, కావలి

జవాబు: ఉండవచ్చు, లేకపోవచ్చు. నాకూ ఒకసారి ఒంగోలు దాటాక ఇదే జరిగింది. నేను టీ తాగి వచ్చేలోపు ఒక మేకు మూడు పంచర్లయింది, మిగిలిన రెండు రంధ్రాలలో మేకు గాని, తుప్పు మరక గాని లేదు. అప్పటినుంచి చక్రం దగ్గరి నుంచి కదలడం లేదు. సబ్బునీళ్లు మీ ముందే పోయించి, బుడగ వచ్చిన చోటునల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టించి, లెక్క ఒప్పుకున్నాకే సూది దించనివ్వండి. వీలైతే స్టెప్నీ వేసుకుని ఊరికి వచ్చి తెలిసినవారి దగ్గర వేయించండి.

ప్రశ్న: సార్, నేను బైకు మీద ఫుడ్ డెలివరీ చేస్తాను. బండి మైలేజీ 55 నుంచి 40కి పడిపోయింది, ఉదయం పొగ వస్తోంది. ఇంజిన్ బోరుకొచ్చింది (సిలిండరు అరిగింది), 7,500 అవుతుందన్నాడు మెకానిక్. పోయిన నెలే కార్బురేటర్ క్లీనింగ్ అని 450 తీసుకున్నాడు. బండి 2021 మోడలు. – గుంటూరు

జవాబు: బాబూ, ముందు ఆ 450 సంగతి చూద్దాం. 2020 ఏప్రిల్ నుంచి బండ్ల పొగకు హద్దు పెట్టే బి.ఎస్.-6 నిబంధన వచ్చాక చాలా బైకులలో కార్బురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. మీ బండి మాన్యువల్ చూడండి. అందులో ఇంజెక్షన్ అని ఉంటే, లేని భాగాన్ని శుభ్రం చేసినందుకు మీరు డబ్బు కట్టారు, ఆ మెకానిక్ చెప్పిన రెండో మాట మీద కూడా ఆధారపడవద్దు.

ఉదయం చల్లటి వేళ స్టార్టు చేసిన కొద్దిసేపు తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది సైలెన్సరులోని తేమ, దానికి భయపడనక్కరలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా నీలిరంగు పొగ, కాలిన నూనె వాసన వస్తూ, ఆయిలు మట్టం నెలనెలా తగ్గుతుంటే అప్పుడు ఇంజిన్‌ను అనుమానించాలి. అప్పుడు కూడా తప్పు పిస్టన్ రింగులదా, వాల్వ్ సీళ్లదా అన్నది సిలిండరులోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్షతో విడదీయవచ్చు. వాల్వ్ సీళ్ల ఖర్చు బోరు ఖర్చులో చిన్న భాగమే. మైలేజీ తగ్గడానికి ఇంకా చవకైన కారణాలు చాలా ఉన్నాయి: టైర్లలో గాలి చాలకపోవడం, వెనుక బ్రేకు పట్టేసి ఉండడం, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, చైను మరీ బిగిసి ఉండడం. బండిని స్టాండు మీద వేసి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి, తేలికగా తిరగకపోతే అక్కడినుంచి మొదలుపెట్టండి. రోజంతా ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ పోయే మీ వంటి వారి బండికి ఆయిలు మాన్యువల్‌లో చెప్పిన గడువు కన్నా కొంచెం ముందే మార్చడం మంచిది. ఆ బండే మీ జీవనాధారం కనుక ఒక్క పూట ఖాళీ చేసుకుని మరొక మెకానిక్‌కు చూపించండి.

ప్రశ్న: క్లచ్ పనికి 9,000 అని ఫోనులో చెప్పి ఒప్పించారు. బండి తెచ్చుకోబోతే గేర్‌బాక్స్ పని కూడా చేశామని 23,000 అడిగారు. పాత భాగాలు పారేశామన్నారు. మొత్తం కట్టేదాకా కారు ఇవ్వమంటున్నారు. ఏం చేయాలి? – చిరువ్యాపారి, హనుమకొండ

జవాబు: చట్టం ఇక్కడ రెండు వైపులా ఉంది, అది తెలియకపోతే కోపంలో నష్టపోతారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షను ప్రకారం, వస్తువు మీద నైపుణ్యంతో పని చేసినవాడికి తన న్యాయమైన కూలి అందేదాకా ఆ వస్తువును తన వద్ద ఉంచుకునే హక్కు ఉంది. కనుక షెడ్డు తాళం పగలగొట్టి కారు తెచ్చుకోవాలని చూడకండి. అయితే ఆ హక్కు రావలసిన కూలి వరకే. మీరు ఒప్పుకోని పనికి కూడా అది వర్తిస్తుందని వారంటే మీరు అభ్యంతరం చెప్పవచ్చు. ముందుగా 9,000 ఇస్తామని వాట్సాప్‌లో రాసి పంపండి. కారు లేకపోతే వ్యాపారం ఆగిపోయే పరిస్థితి అయితే మొత్తం కట్టి, బిల్లు మీదనే ‘గేర్‌బాక్స్ పనికి నా అనుమతి లేదు, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం చేసి ఫోటో తీసుకోండి. నగదు ఇవ్వకండి, ఫోను ద్వారా పంపితే ఆధారం మిగులుతుంది.

బిల్లులో భాగాల పేర్లు, కూలి విడివిడిగా ఉండాలి. జి.ఎస్.టి. వేస్తే 15 అక్షరాల నంబరు ఉండాలి. తెలంగాణ షెడ్డు నంబరు 36తోనూ, ఆంధ్రప్రదేశ్ షెడ్డు నంబరు 37తోనూ మొదలవుతుంది. చిన్న షెడ్లకు ఆ నమోదు అవసరం లేకపోవచ్చు, కాని నంబరు లేనివారు ఆ పన్ను వసూలు చేయరాదు. బిల్లు ఇవ్వడానికి నిరాకరించడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. మొదట జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. వెళ్లే ముందు మరొక అనుభవజ్ఞుడి చేత గేర్‌బాక్స్ చూపించి, అది విప్పిన గుర్తులు ఉన్నాయో లేవో రాయించుకోండి. కమిషన్ ముందు మీ బాధ కన్నా ఆ కాగితానికే బరువు ఎక్కువ.

ప్రశ్న: అయ్యా, మాకు ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా షెడ్డు ఉంది. మీ శీర్షిక చదివి కస్టమర్లు ప్రతి నట్టుకూ లెక్క అడుగుతున్నారు. రెండు గంటలు వెతికి ఫ్యూజు మార్చితే పది రూపాయలు చేతిలో పెట్టి పోతున్నారు. స్పేర్ షాపు కమిషన్ లేకపోతే షెడ్డు అద్దె కట్టేదెలా? అందరినీ దొంగలుగా చూడడం న్యాయమా? – మెకానిక్, విజయవాడ

జవాబు: తమ్ముడూ, న్యాయం కాదు. మీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను, ఇందులోని బాధ నిజమైనది. లోపం వెతకడమే ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన భాగం, మన కస్టమరు దానికే డబ్బు ఇవ్వడు. వైద్యుడు మందు రాయకుండా ‘ఏమీ లేదు, వెళ్లండి’ అంటే ఫీజు ఇచ్చి సంతోషంగా వెళ్లేవారు, మెకానిక్ అదే మాట అంటే ‘చూసినందుకు కూడా డబ్బా’ అంటారు. ఈ సంచికలో ఇప్పటిదాకా ఉత్తరాలు రాసిన పాఠకులందరూ ఈ మాట గమనించాలి. వెతికినందుకు కూలి ఇవ్వనిచోట, మార్చిన భాగం మీదే బతకవలసి వచ్చినచోట, మంచివాడి చేయి కూడా కొత్త భాగం వైపే వెళ్తుంది.

అంతమాత్రాన కమిషన్ పద్ధతిని నేను సమర్థించలేను. కస్టమరుకు తెలియకుండా విడిభాగం ధరలో కలిసే డబ్బు మీ రాబడిని మార్చిన భాగాల లెక్కకు కట్టివేస్తుంది. ఫ్రీమాంట్ పాఠకుడికి చెప్పిన సియర్స్ కథలో జరిగిందీ ఇదే, అంకెలు మాత్రమే పెద్దవి. నా దగ్గర చదువుకున్న ఒకతను తన షెడ్డు ముందు చిన్న బోర్డు పెట్టాడు: లోపం చూసినందుకు ఇంత, పని ఇక్కడే చేయిస్తే అందులో సగం కూలిలో తగ్గిస్తాం. మొదట కొందరు గొణుక్కుని వెళ్లిపోయారు. ఉన్నవారు మాత్రం మరొకరిని తెచ్చారు. అతను విప్పిన పాత భాగాలన్నీ కవరులో పెట్టి డిక్కీలో ఉంచుతాడు, స్కానరులో వచ్చిన కోడ్‌ను ఫోటో తీసి కస్టమరుకు పంపుతాడు, లోకల్ పార్టు వేస్తే లోకల్ అనే బిల్లులో రాస్తాడు.

మీ ఫ్యూజు బిల్లు కూడా ఈసారి ఇలా రాసి చూడండి: విద్యుత్ లోపం వెతికినందుకు 400, ఫ్యూజు 10. ఆ కాగితం చేతికిచ్చే ముందు కస్టమరును బండి దగ్గరికి తీసుకెళ్లి, ఏ వైరు ఎక్కడ ఒరుసుకుని ఆ ఫ్యూజు కాలిందో, దానికి మీరు ఎక్కడ టేపు చుట్టారో చూపించండి.